జారని నేల

మా కుక్కకు పదకొండేళ్ళు నిండాక మేం ఇల్లు మారాం. ముసలితనంలో వాణ్ణి ఇల్లు మార్పించడమే తప్పని మా ఆయన ఇప్పటికీ అంటాడు. నేను ఒప్పుకోను. మేం మారలేదు, మమ్మల్ని మార్చారు. యూనివర్సిటీ క్యాంపస్‌లో మేమున్న క్వార్టర్‌కి వంటింటి కప్పు పెచ్చులూడి పడుతుంటే ఇంజినీరింగ్ సెక్షన్ వాళ్ళు వచ్చి తలలెత్తి చూసి, వీధి గోడ మీద ఎర్రరంగుతో పెద్ద ఇంటూ గుర్తు వేసి వెళ్ళారు. ఖాళీ చేయమని దానర్థం. మూడు నెలలు తిరక్కుండా తార్నాకలో ఒక పాత అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఫ్లాటు కొనుక్కుని చేరిపోయాం.

క్వార్టర్లో నేలంతా షాబాదు బండలు. బూడిదరంగు, గరుకు, సందుల్లో సిమెంటు ఊడిపోయి చీమలు కాపురాలు పెట్టేవి. పదేళ్ళపాటు రోజూ ఆ బండల్ని తిట్టుకుంటూ ఊడ్చాను. ఎంత కడిగినా అవి కడిగినట్టు ఉండేవి కావు. నాకు శుభ్రం పిచ్చి ఉందని మా ఇంట్లో అందరి అభిప్రాయం. పిచ్చి కాదు, పట్టింపు. ఆ బండల మీదే మా అమ్మాయి నడక నేర్చుకుంది, కుక్క వీపు పట్టుకుని. వాడు ఒక్కో అడుగూ ఆగి ఆగి వేసేవాడు. నేను పాఠాలు చెప్పే డిపార్ట్‌మెంట్ వెనక, జనరేటర్ గది పక్కన నాకు దొరికిన కుక్కపిల్ల అది. క్యాంపస్ కుక్క, గోధుమరంగు, ఒక చెవి ఎప్పుడూ వాలిపోయి ఉంటుంది. ఇంట్లో వాణ్ణి 'అది' అనడం మా అమ్మాయికి నచ్చదు కనుక నేనూ వాడు అనే రాస్తాను.

ఫ్లాటు అమ్మినాయన మాకు గర్వంగా చూపించిన మొదటి వస్తువు నేలే. తెల్లటి విట్రిఫైడ్ టైల్స్. ట్యూబులైటు అందులో కూడా వెలుగుతున్నట్టు ఉండేది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకు తుడిస్తే తుడిచినట్టు కనిపించే నేల.

గృహప్రవేశం నాడు వాడు గడప దాటి లోపలికి రాగానే నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకు పోయాయి. అందరం నవ్వాం. అమ్మాయి ఎక్కువ నవ్వింది. వారం తిరిగేసరికి ఎవరికీ నవ్వు రాలేదు. వాడు గోడ వారన, ఒళ్ళు గోడకు ఆనించి నడిచేవాడు. వంటింట్లో నీళ్ళ గిన్నె దాకా పోవడం మానేశాడు. మేం గిన్నె తెచ్చి మూతి దగ్గర పెట్టాలి. పొద్దున కిందికి తీసుకెళ్ళాలంటే మా ఆయన బియ్యం బస్తాలా భుజాన వేసుకుని లిఫ్టు దాకా మోసేవాడు.

మెయిన్ రోడ్డు మీది క్లినిక్‌లో డాక్టరమ్మ వాడి నడుం, తొడలు నొక్కి చూసింది.

"హిప్ జాయింట్స్ అరిగినయి మేడం, వెనక కాళ్ళల్ల పట్టు తగ్గింది. టాబ్లెట్స్ రాస్తున్న. కానీ టాబ్లెట్స్ కంటే ముందు మీ ఫ్లోర్ సంగతి చూడాలె. ఈ ఏజ్‌ల ఒక్కసారి గట్టిగ పడిండంటే మళ్ల లేవడు."

మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్ళు. వెనకాలే నిలబడి అంతా విన్నది. ఆటోలో వస్తూ, "లేవడు అంటే ఏంటి?" అని అడిగింది. నడవలేడని చెప్పాను. అదొక్కటే కాదని దానికి అర్థమైంది. ఇంటికొచ్చాక తన యోగా మ్యాట్ తెచ్చి హాల్లో పరిచింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు మా ఇల్లు దుప్పట్ల కొట్టులా ఉండేది. తివాచీలు, డోర్ మ్యాట్లు, పాత జంపఖానాలు. వాడితోపాటు అవి కూడా జారేవి. వాటి కింద చేరే దుమ్ము చూస్తే నాకు తలనొప్పి. టైల్స్ పగలగొట్టి మళ్ళీ షాబాదు బండలే వేయిద్దామంటే, చప్పుడనీ బరువనీ అసోసియేషన్ వాళ్ళు ససేమిరా అన్నారు. టైల్స్ పగలగొట్టకుండా వాటి మీదే చెక్క వేయించవచ్చని మా ఆయనే ఎక్కడో విని వచ్చాడు.

నేను చెప్పేది బాటనీ. టేకు అడ్డకోత మైక్రోస్కోప్ కింద ఎలా ఉంటుందో, అందులో నాళాలు వరుసగా ఎలా కనిపిస్తాయో ఏటా పిల్లలకు బొమ్మ గీసి చూపిస్తాను. కనుక చెక్క విషయంలో నాకెవరూ చెప్పక్కర్లేదనే ధీమాతో షోరూములు తిరిగాను. ఒకచోట కుర్రాడు లామినేట్ పలక మీద బాటిల్లో నీళ్ళు వంపి, బండి తాళంచెవితో బరబరా గీకి, "చూడండి మేడం, గీతే పడదు" అన్నాడు. కుక్క జారుతుందా అని అడిగితే నోరు తెరిచాడు. ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడిగి ఉండరు. చివరికి నాలుగైదు షాపుల నుంచి తలా ఒక నమూనా పలక అడిగి తెచ్చుకున్నాను.

పరీక్ష మా అమ్మాయి పెట్టింది. వరండాలో పలకలు వరసగా పరిచి, ఒక్కోదాని మీద ఒక్కో బిస్కెట్ పెట్టి వాణ్ణి వదిలింది. డ్రాయింగ్ పుస్తకంలో టిక్కులూ ఇంటూలూ. లామినేట్ మీద కాలు పెట్టగానే జారాడు. వెదురు పలక చూడ్డానికి ముద్దొచ్చేలా ఉంది గానీ దాని మీదా అంతే. ఓక్ కొంత నయం, అయితే దాని మీది ఫ్యాక్టరీ పూత నున్నగా గాజులా ఉంది. బిస్కెట్లన్నీ తినేసి వాడు మా పాత పీట మీదికెక్కి కూర్చున్నాడు. మా అమ్మమ్మ కాలంనాటి టేకు పీట, రంగూ పూతా ఏమీ లేనిది. మా అమ్మాయి దానికి రెండు టిక్కులు వేసింది.

పాత టేకుతో పనిచేసే మేస్త్రి ఒకాయన మెట్టుగూడలో ఉన్నాడని మా వాచ్‌మన్ చెప్పాడు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో బోగీలకు చెక్క పనులు చేసి చేసి, బోగీల్లో చెక్క పోయి ఇనుమూ ప్లాస్టిక్కూ వచ్చాక రిటైరైనవాడు. డెబ్బై ఏళ్ళుంటాయి. సన్నగా, చెవిలో పెన్సిలుతో వచ్చాడు. నేను టైల్స్ చూపిస్తుంటే ఆయన వాటిని చూడలేదు. చతికిలబడి కూర్చుని కుక్క పాదం చేతిలోకి తీసుకుని, అరికాలు వేలితో రాసి చూశాడు.

"గోర్లు పెరిగినయమ్మా. ముందు గివి తీపియ్యుండ్రి. కట్టె సంగతి తర్వాత."

నాకు కొంచెం మంటెక్కింది. నా చదువు సంగతి తెలిస్తే బాగుంటుందని, టేకులో సహజంగా నూనె ఉంటుందనీ, చెద పట్టదనీ, మైక్రోస్కోప్‌లో దాని నాళాల అమరిక ఇలా కనిపిస్తుందనీ ఒక చిన్న క్లాసు తీసుకున్నాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"మంచిగ చెప్పిన్రు. మీరు అద్దంల చూస్తరు, నేను అరికాలితోని చూస్త. రెండూ కావాలె."

పడగొట్టిన పాత ఇళ్ళ దూలాలు, తలుపులు అమ్మే అడ్డాలో కట్టె ఏరి, పలకలుగా కోయించి తెచ్చాడు. అక్కడక్కడా పాత మేకుల చిల్లులున్నాయి. అవి ఉంటే ఏమవుతుందని నేను అడగబోయి మానుకున్నాను. పలకల్ని హాల్లో మధ్యమధ్య పుల్లలు పెట్టి దొంతిగా పేర్చి, వస్తానమ్మా అని వెళ్ళినవాడు రెండు వారాలు గడిచినా రాలేదు. ఫోన్ చేసి దులిపేశాను.

"కట్టె గింకా కొత్త చుట్టమేనమ్మా. మీ ఇంటి గాలి పట్టాలె. తొందరపడి కొడితే వానలకు ఉబ్బుతది, ఎండలకు నోరు తెరుస్తది. ఇంకో వారం కూసోనియ్యుండ్రి."

ఇంట్లో అందరం ఆ దొంతి చుట్టూ తిరిగి నడిచాం. కుక్క మాత్రం దాని పక్కనే పడుకునేవాడు. పాత కట్టె వాసనలో వాడికేం తెలిసిందో.

పని మొదలయ్యాక నేను నోరు మూసుకుని చూశాను. టైల్స్ మీద ప్లైవుడ్ అంటించి, దాని మీద పలకలు ఒకదానికొకటి బిగించాడు. గోడల పక్కన వేలెడు ఖాళీ వదిలి, పైన సన్న పట్టీ కొట్టి కప్పేశాడు. వానాకాలం కట్టె ఒళ్ళు చేస్తే అది సర్దుకోడానికట. నేల ఎత్తు పెరిగింది కనుక తలుపులన్నీ ఊడదీసి కింది అంచులు చిత్రిక పట్టాడు. హాలు, వరండా పూర్తయ్యాయి. పడగ్గదుల్లో పాత తివాచీలే ఉంచేశాం. చివర్లో పలకల్ని మరీ నున్నగా చేయలేదు. ఇంకొంచెం నున్నగా అని నేనంటే, అరచెయ్యి రాసి చూపించి, "గీ కాస్త గరుకే వాని ప్రాణమమ్మా" అన్నాడు. గుడ్డతో అవిసె నూనె పట్టించి, ఆరనిచ్చి, మళ్ళీ పట్టించి, మూడు రోజులు అలా చేశాడు. నూనె గుడ్డలు ఉండచుట్టి ఓ మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయని, బాల్కనీలో తీగ మీద విడివిడిగా ఆరేయించాడు. అది మాత్రం నాకు నిజంగా తెలియదు.

వెళ్ళేముందు గడప దగ్గర నిలబడి జాగ్రత్తలు చెప్పాడు. బకెట్టు నీళ్ళు గుమ్మరించవద్దు. ఫినాయిల్ వద్దు. గట్టిగా పిండిన గుడ్డతో తుడిస్తే చాలు. చెక్కకు అసలు శత్రువు కుక్క గోరు కాదు, చెప్పులతో వచ్చే ఇసుక. కనుక గుమ్మం బయట ఒకటి, లోపల ఒకటి కాళ్ళు తుడుచుకునే పట్టాలు వేయాలి. కుర్చీల కాళ్ళకు మందపాటి గుడ్డ ముక్కలు అంటించాలి. వాడి నీళ్ళ గిన్నె హాల్లోనే ఉంచి, కింద పళ్ళెం పెట్టాలి.

"గీతలు పడుతయమ్మా. పిల్ల, కుక్క ఉన్న ఇల్లు. పడ్డనాడు ఏడ్వకుండ్రి, జర్ర నూనె రాస్తే కలిసిపోతది. ఒక్కటే చెప్త. దీని మీద మెరిసే పాలిష్ మాత్రం ఎక్కియ్యొద్దు."

సరేనన్నాను.

వాడు మొదటిరోజు హాలు గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. ముందు ఒక కాలు పెట్టి, కాసేపు ఉంచి, రెండోది పెట్టాడు. జారలేదు. బాల్కనీ దాకా పోయి, వెనక్కి తిరిగి, మళ్ళీ పోయాడు. నాలుగోరోజు కాలింగ్ బెల్ మోగితే పరిగెత్తుకుంటూ తలుపు దగ్గరికి పోయాడు. మా ఆయన తలుపు తెరవడం మరిచిపోయి వాణ్ణే చూస్తూ నిలబడ్డాడు. బయట కొరియర్ అబ్బాయి మళ్ళీ బెల్ కొట్టాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ సంతోషం అలాంటిది.

మొదటి గీత మా అమ్మాయి ఆట స్కూటర్ వల్ల పడింది, సోఫా పక్కన, జానెడు పొడవు. ఆ పూట నాకు అన్నం సయించలేదు. తర్వాత పెరుగన్నం గిన్నె బోర్లా పడింది, జామెట్రీ బాక్సులోంచి కంపాస్ మొనదిగి పడింది, స్కెచ్ పెన్నుతో నేల మీద ఒక ఏనుగు వెలిసింది. తుడిచాను, నూనె రాశాను, అరిచాను. నెల్లాళ్ళకు అరవడం తగ్గింది. రెండు వారాలకోసారి వాడి గోళ్ళు తీయడం నా డ్యూటీ, రోజూ పొడి చీపురుతో ఇసుక ఊడ్చడం మా ఆయనది. ఇల్లు ఒక పద్ధతిలో పడింది.

అంతలో శ్రావణమాసం వచ్చింది.

మా వైపు వరలక్ష్మీ వ్రతం నాటి సాయంత్రం పేరంటానికి ముత్తయిదువల్ని పిలుస్తాం. వచ్చినవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్ళకు పసుపు రాసి, బొట్టు పెట్టి, శనగలూ తాంబూలం చేతిలో పెట్టి పంపుతాం. క్వార్టర్లో ఉన్నప్పుడు పాతికమంది దాకా వచ్చేవారు. పసుపు కాళ్ళతో ఇల్లంతా తిరిగినా మర్నాడు నాలుగు బకెట్ల నీళ్ళు కొడితే బండలు మామూలే. కొత్త ఇంట్లో ఇదే మొదటి పేరంటం. అపార్ట్‌మెంట్‌లో ఆడవాళ్ళందరినీ, డిపార్ట్‌మెంట్‌లో మావాళ్ళనీ పిలిచాను.

హబ్సిగూడలో ఉండే మా పిన్ని వారం ముందు సాయానికని వచ్చి, హాల్లో నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఇదేంటే, ఇంకా పాలిష్ పెట్టించలేదా? స్కూల్లో పాత బెంచీలా ఉంది."

ఇలాగే ఉంచాలని మేస్త్రి అన్నాడని చెప్పాను.

"ఆయనకేం పోయింది? పాతికమంది పసుపు కాళ్ళతో తిరిగితే ఈ చెక్క ఊరుకుంటుందా, తాగి కూర్చుంటుంది. ఏడాదంతా నేలకి కామెర్లొచ్చినట్టుంటుంది చూసుకో."

పిన్ని అన్నది శాస్త్రం ప్రకారం నిజమే. పూత లేని చెక్కలో నాళాలు తెరుచుకునే ఉంటాయి, పసుపు పట్టిందంటే ఓ పట్టాన వదలదు. నా బాటనీ అంతా పిన్ని పక్షాన చేరిపోయింది. కాళ్ళు కడుక్కోడానికి గుమ్మంలో నీళ్ళు పెట్టవచ్చు, లేదా ఆ ఒక్కరోజుకు జంపఖానాలు పరచవచ్చు. అవేవీ నాకు తట్టలేదంటే అబద్ధం. తట్టాయి. పసుపు ఒక సాకు. పాత బెంచీ అన్న మాట నన్ను గుచ్చింది. నలుగురూ వచ్చి నా ఇల్లు చూసి మెచ్చుకోవాలి, నేల తళతళలాడాలి, అంతే నా కోరిక.

మేస్త్రికి ఫోన్ చేయలేదు. ఏమంటాడో తెలుసు కనుక చేయలేదు. మా ఆయన ఆఫీసు పని మీద విశాఖ వెళ్ళి ఉన్నాడు, అదీ కలిసొచ్చింది. ఫర్నిచర్ షాపు వాళ్ళకు తెలిసిన పాలిష్ మనుషులు ఇద్దరు మెషీన్‌తో వచ్చారు. వాసన పడదని కుక్కను రెండు రోజులు కింద వాచ్‌మన్ గది దగ్గర ఉంచాం. రెండోరోజు సాయంత్రానికి మా హాలు చెరువులో నీళ్ళలా నిగనిగలాడింది. నేను గుమ్మంలో నిలబడి ఎంతసేపు చూశానో చెప్పడానికి సిగ్గేస్తుంది.

పేరంటం రోజు పొద్దున వాణ్ణి పైకి తెచ్చాం. లిఫ్టు దగ్గరి నుంచి పడగ్గది దాకా నేనే ఎత్తుకుని వెళ్ళాను. వాడు నడవగలడు. అయినా ఎత్తుకున్నాను. అంటే నాకు తెలుసన్నమాట. ఈ మాట రాసేదాకా ఎవరితోనూ అనలేదు.

సాయంత్రం హాలు నిండిపోయింది. వచ్చినవాళ్ళు ముందు నేల చూసి, తర్వాత నన్ను చూసి, "అద్దంలా ఉందండీ" అంటుంటే నా మొహం వెలిగిపోయింది. పిన్ని అయితే పాలిష్ తనే చేయించినట్టు అందరికీ చెబుతోంది. నేను వంగి ఒకావిడ కాళ్ళకు పసుపు రాస్తున్నాను. పడగ్గది తలుపు కొద్దిగా తెరుచుకుని వాడి మూతి కనిపించింది. హాలు చూశాడు. ఒక కాలు ముందుకు పెట్టి, వెనక్కి తీసుకున్నాడు. అక్కడే నిలబడిపోయాడు.

ఆ పక్కన మా అమ్మాయి పట్టు పరికిణీలో, చేతిలో శనగల పళ్ళెంతో ఉంది. వాణ్ణి చూసి మోకాళ్ళ మీద కూర్చుని, తొడలు తట్టుకుంటూ పేరు పెట్టి పిలిచింది. వాడు ఇంకో రెండుసార్లు కాలు పెట్టి తీశాడు. మళ్ళీ పిలిచింది. దాని పిలుపుకు వాడు పోని రోజు లేదు. వచ్చాడు.

మూడు అడుగులు వేశాడేమో. వెనక కాళ్ళు రెండూ చెరో వైపుకు విడిపోయి, నడుం చెక్క మీద పడ్డ చప్పుడు వినిపించింది. ముందు అరవలేదు. లేవబోయి, లేవలేక, అప్పుడు సన్నగా అరిచాడు. ఆడవాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఎవరో "అయ్యో పాపం" అన్నారు. నేను పసుపు చేతులతోనే వాణ్ణి ఎత్తుకున్నాను. వాడి గోధుమరంగు బొచ్చంతా పసుపు. మిగతా పేరంటం పిన్ని చూసుకుంది. నేను ఆటో ఎక్కాను.

ఎముక విరగలేదు. నరం బెణికింది, తుంటి దగ్గర వాచింది. డాక్టరమ్మ ఇంజెక్షన్ ఇచ్చి, "పది రోజులు చూద్దాం మేడం. లేస్తే అప్పటిలోపు లేవాలె. లేవకపోతే మాట్లాడదాం" అన్నది. ఏం మాట్లాడతామో నేను అడగలేదు.

మర్నాడు పొద్దున మా ఆయన దిగాడు. నేలను చూశాడు, హాలు మూలన పరుపు మీద పడుకున్న కుక్కను చూశాడు, నన్ను చూశాడు. వెళ్ళి వాడి పక్కన కూర్చున్నాడు. తిట్టి ఉంటే తిరిగి నాలుగు అనేదాన్ని, కాస్త తేలికపడేదాన్ని. అదీ లేకుండా చేశాడు.

నేను ఫోన్ చేసిన గంటకు మేస్త్రి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, లోపలికి అడుగు పెట్టకుండా గుమ్మంలోనే కూర్చుని, అరచెయ్యి నేల మీద ఆనించాడు.

"ఎవలు చెప్పిన్రమ్మా గిట్ల చెయ్యమని?"

"ఎవరూ చెప్పలేదండీ. నేనే చేయించాను."

"గీ మెరుపు ఎవలకోసం? నడిచేటోళ్ళకా, చూసేటోళ్ళకా?"

"చూసేవాళ్ళకే" అన్నాను.

ఆయన తన సంచీలోంచి పగిలిన కిటికీ గాజు ముక్కలు తీశాడు. మెషీన్ పెడితే దుమ్మూ చప్పుడూ, లేవలేని జీవం పక్కనే ఉంది కనుక చేత్తోనే గీకాలన్నాడు. మొత్తం హాలు తర్వాత. ముందు వాడి పరుపు దగ్గరి నుంచి నీళ్ళ గిన్నె దాకా, అక్కడి నుంచి బాల్కనీ దాకా మూరెడు వెడల్పున ఒక దారి. గాజు ముక్కను గుడ్డతో పట్టుకుని, కొంచెం వాల్చి, మన వైపుకు లాగితే పాలిష్ ఉల్లిపొరలా లేచి వస్తుంది. వాల్పు తప్పితే చెక్కను కోస్తుంది, లేదా వేలిని. నాకు రెండూ అయ్యాయి.

ఆయన ఆదివారం చర్చికి వెళ్తాడు కనుక ఆ రోజు రాడు. నేను ఆదివారం కూడా గీకాను. క్లాసుకు వెళ్ళేముందు, వచ్చిన తర్వాత. వేళ్ళకు ప్లాస్టర్లతో బోర్డు మీద టేకు అడ్డకోత గీస్తుంటే పిల్లలు ఏమైంది మేడం అని అడిగారు. తరకారి కోస్తుంటే తెగిందని చెప్పాను. పిన్ని ఫోన్ చేసి కుక్క ఎలా ఉందని అడిగింది. తన మాట వల్లే అయిందని నొచ్చుకుంది కూడా. కాదు పిన్నీ, నాకే బుద్ధి లేదన్నాను. అది మనస్ఫూర్తిగానే అన్నాను. ఎనిమిదో రోజుకు దారి పూర్తయింది. మేస్త్రి నూనె పట్టించి, ఇక దేవుని దయ అన్నాడు.

ఆ రోజుల్లో మా అమ్మాయి నేననుకున్నంత ఏడవలేదు. బడి నుంచి రాగానే వాడి దగ్గర కూర్చుని, చేత్తో అన్నం తినిపించేది, తడిగుడ్డతో మూతి తుడిచేది. పిల్ల గట్టిదే అనుకున్నాను. నా ధ్యాసంతా గీకడం మీదే. ఒక విషయం మాత్రం వింతగా అనిపించింది. ఇల్లెగిరిపోయేలా రోజుకు వందసార్లు వాడి పేరు అరిచే పిల్ల, ఆ పేరు ఎత్తడం లేదు. ఏదైనా ఇవ్వాలంటే దగ్గరికి వెళ్ళి భుజం తాకుతుంది. దూరంగా ఉంటే ఊరికే చూస్తుంది. జబ్బుపడ్డ వాణ్ణి లేపకూడదని కాబోలు అనుకుని ఊరుకున్నాను.

పదోరోజు పొద్దున అది బాల్కనీ గుమ్మంలో కూర్చుని స్కూలు బూట్లు వేసుకుంటోంది. నేను హాలు ఇంకో వైపు గీకుతున్నాను. వాడు పరుపు మీద ముందు కాళ్ళు ఆనించి ఒళ్ళు లేపబోయాడు. పడ్డాడు. కాసేపు ఊపిరి తీసుకున్నాడు. ఈసారి పరుపు అంచు దాటి, గీకిన చెక్క మీద వెనక పాదం మోపి తోశాడు. పాదం నిలిచింది. కాళ్ళు వణికాయి. లేచాడు. నేను సాయానికి పోకుండా చెయ్యి నోట్లో కుక్కుకున్నాను. మా ఆయన వంటింటి గుమ్మంలో టీ గ్లాసుతో కదలకుండా నిలబడ్డాడు. వాడు నీళ్ళ గిన్నె దగ్గర ఆగలేదు. ఆ మూరెడు దారి వెంట, ఆగుతూ, ఒరుగుతూ, బాల్కనీ దాకా నడిచి మా అమ్మాయి మోకాలి మీద గడ్డం ఆనించాడు.

ఒక కాలికి బూటుతో, ఇంకోటి చేతిలో పట్టుకుని మా అమ్మాయి నా వైపు తిరిగింది. దాని మొహంలో సంతోషం లేదు, భయం ఉంది.

"నేను పిలవలేదమ్మా. వాడే వచ్చాడు."

నాకు అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక గాజు ముక్క కింద పెట్టేశాను. వెళ్ళి దాని పక్కన కూర్చుని, చెప్పాల్సినదంతా చెప్పాను. మేస్త్రి తాత పాలిష్ వద్దన్నాడని, నేను సరేనన్నానని, నలుగురూ మెచ్చుకోవాలని నేనే చేయించానని. ఆ రోజు పొద్దున వాణ్ణి ఎత్తుకుని తీసుకెళ్ళిన సంగతి మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"నేను పిలిచినందుకు కాదా పడింది?"

"కాదమ్మా. నా వల్ల పడ్డాడు. నువ్వు పిలిస్తే వాడు ఎప్పుడూ వచ్చేవాడే కదా. నేల అలా చేసింది నేను."

అది చేతిలోని బూటు కింద పెట్టి, వాడి వాలిన చెవి నిమిరింది. నన్ను కోప్పడుతుందేమో అనుకున్నాను. కింద స్కూలు ఆటో హారన్ కొడుతూనే ఉంది.

"అయితే ఇప్పుడు పిలవొచ్చా?" అని అడిగింది.

పిలువమ్మా అన్నాను. వాడు దాని పక్కనే, మోకాలికి ఆనుకుని ఉన్నాడు. అయినా పేరు పెట్టి పిలిచింది.